ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరాలలో ఆటోఫోకస్

ఆటోఫోకస్ అనగా ఛాయాగ్రాహకుడు కటకాన్ని చేతితో త్రిప్పనవసరం లేకుండా, దృశ్యంలో ఎంచుకున్న భాగం స్పష్టంగా కనబడునట్లు కెమెరాయే కటకాన్ని సరిచేసుకొనే ఏర్పాటు. 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు గల సెన్సారు ఉన్న కెమెరాలను ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరాలు అంటారు. ఇది 35 మి.మీ. ఫిల్ముపై ఏర్పడే బొమ్మ కొలతకు సమానం. చిన్న సెన్సారు గల కెమెరాలతో పోల్చినపుడు వీటిలో ఫోకస్ పొరపాట్లు బొమ్మలో త్వరగా బయటపడతాయి. అందువలన ఈ తరగతి కెమెరాలలో ఆటోఫోకస్ పనితీరునకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్నది.

వెలుతురు తక్కువైనా, రంగులు తేడాగా ఉన్నా బొమ్మను తరువాత కొంతవరకు సరిదిద్దవచ్చును. ఫోకస్ తప్పిన బొమ్మను మాత్రం పూర్తిగా సరిదిద్దు మార్గం లేదు. పెళ్ళిలో మంగళసూత్రధారణ, పరుగుపందెంలో గీత దాటు క్షణం, అలలపై ఎగిరిపడే పడవ వంటివి రెండవసారి లభించవు. కనుక వృత్తి ఛాయాగ్రాహకులు కెమెరాను ఎంచుకొనునపుడు ఆటోఫోకస్‌ను ముందుగా చూస్తారు.

ఫుల్‌ఫ్రేమ్‌లో ఫోకస్ ఎందుకు కష్టం

కటకం ఒక నిర్దిష్ట దూరంలో ఉన్న తలాన్ని మాత్రమే పూర్తి స్పష్టతతో చూపగలదు. ఆ తలానికి ముందు, వెనుక కొంత మేర దృశ్యం కూడా కంటికి స్పష్టంగానే తోస్తుంది. ఈ మేరను స్పష్టతా లోతు అనవచ్చును. ఛాయాగ్రాహకులు దీనిని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అని పిలుస్తారు. ఎపర్చరు పెద్దదయ్యే కొద్దీ, కటక నాభ్యంతరం పెరిగే కొద్దీ, వస్తువు దగ్గరయ్యే కొద్దీ ఈ లోతు తగ్గుతుంది.

ఉదాహరణకు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 85 మి.మీ. కటకాన్ని ఎఫ్/1.4 వద్ద ఉంచి 2 మీటర్ల దూరంలోని వ్యక్తిని చిత్రిస్తే, స్పష్టతా లోతు మొత్తం సుమారు 4.5 సెం.మీ. మాత్రమే. ఫోకస్ కంటిపై కాక చెవిపై పడితే కన్ను మసకబారుతుంది. అదే కటకాన్ని ఎఫ్/8 వద్ద ఉంచితే ఈ లోతు సుమారు 25 సెం.మీ. అవుతుంది. అప్పుడు చిన్న పొరపాటు కనబడదు.

పై లెక్కలో 0.03 మి.మీ. వరకు గల మసకను స్పష్టతగానే పరిగణించారు. ఇది ఫిల్ము కాలపు ప్రమాణం. 45 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ సెన్సారులో ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు సుమారు 0.0044 మి.మీ. మాత్రమే. అనగా పాత ప్రమాణం ప్రకారం స్పష్టమైన బిందువు ఇక్కడ దాదాపు 7 పిక్సెళ్ళ మేర పరచుకొని ఉంటుంది. బొమ్మను కంప్యూటరు తెరపై పూర్తి పరిమాణంలో చూచినపుడు ఈ మసక తెలిసిపోతుంది. సెన్సారులో పిక్సెళ్ళు పెరిగే కొద్దీ ఆటోఫోకస్ నుండి ఆశించు ఖచ్చితత్వం కూడా పెరుగుటకు ఇదియే కారణం.

చరిత్ర

ఫిల్ము కాలం

జర్మనీకి చెందిన లైట్జ్ సంస్థ 1960 దశకం నుండి ఆటోఫోకస్‌పై పరిశోధన చేసి పేటెంట్లు పొందినది. 1976లో ఫోటోకినా ప్రదర్శనలో ఒక నమూనాను చూపినది. పెద్ద ఎత్తున తయారై అమ్ముడైన మొదటి ఆటోఫోకస్ కెమెరా 1977లో వచ్చిన కోనికా సి35 ఏఎఫ్. 1978లో పోలరాయిడ్ సంస్థ తన ఎస్ఎక్స్-70 కెమెరాలో శబ్ద తరంగాల ప్రతిధ్వనితో దూరాన్ని కొలిచే పద్ధతిని ప్రవేశపెట్టినది.

35 మి.మీ. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరాలలో 1981లో వచ్చిన పెంటాక్స్ ఎంఈ ఎఫ్ మొదటిది. దీనిలో మోటారు కటకంలోనే ఉండేది. 1985లో వచ్చిన మినోల్టా 7000 కెమెరాలో ఫోకస్ సెన్సారు, మోటారు రెండూ కెమెరా లోపలనే అమర్చబడినవి. ఇది గొప్ప విజయం సాధించినది. అయితే ఈ సాంకేతికత తమ పేటెంట్లను అతిక్రమించినదని అమెరికాకు చెందిన హనీవెల్ సంస్థ దావా వేసినది. 1992లో మినోల్టా 12 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీ పడవలసి వచ్చినది.

కానన్ సంస్థ 1987లో ఈఓఎస్ 650తో పాటు ఈఎఫ్ మౌంట్‌ను ప్రవేశపెట్టినది. ఇందులో ప్రతి కటకానికి తన సొంత మోటారు ఉంటుంది. కెమెరాకు, కటకానికి మధ్య సమాచారం విద్యుత్ సంకేతాల ద్వారా మాత్రమే సాగుతుంది. అదే సంవత్సరం అల్ట్రాసోనిక్ మోటారు గల 300 మి.మీ. ఎఫ్/2.8 కటకం కూడా విడుదలైనది. మోటారు కటకంలో ఉండవలెనన్న ఈ పద్ధతినే క్రమంగా తక్కిన సంస్థలు కూడా అనుసరించాయి.

డిజిటల్ కాలం

2002లో వచ్చిన కాంటాక్స్ ఎన్ డిజిటల్ మొదటి ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరా. అదే సంవత్సరం 45 ఫోకస్ బిందువులు గల కానన్ ఈఓఎస్-1డిఎస్ వచ్చినది. 2005లో వచ్చిన కానన్ ఈఓఎస్ 5డి ఈ తరగతిని సామాన్య వృత్తి ఛాయాగ్రాహకులకు కొంత అందుబాటులోనికి తెచ్చినది. దానిలో 9 ప్రధాన బిందువులు, 6 సహాయక బిందువులు ఉండేవి. 2007లో నికాన్ తన మొదటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా డి3ని 51 బిందువులతో విడుదల చేసినది. 2012లో వచ్చిన కానన్ 5డి మార్క్ 3లో 61 బిందువులు, 2016లో వచ్చిన నికాన్ డి5లో 153 బిందువులు ఉన్నవి.

2013లో సోనీ సంస్థ ఏ7, ఏ7ఆర్ కెమెరాలతో ఆటోఫోకస్ గల అద్దం లేని ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకు నాంది పలికినది. వీటిలో ఏ7 మాత్రమే సెన్సారుపై ఫేజ్ డిటెక్షన్ బిందువులు కలిగి ఉన్నది. ఏ7ఆర్ కాంట్రాస్ట్ పద్ధతిపైననే ఆధారపడినది. 2017లో వచ్చిన సోనీ ఏ9లో 693 బిందువులు చిత్రచట్రంలో సుమారు 93 శాతం మేర విస్తరించాయి. అది సెకనుకు 20 బొమ్మలు తీస్తూ, సెకనుకు 60 మార్లు ఫోకస్‌ను లెక్కించగలదు. అద్దం లేని కెమెరాలు క్రీడలకు పనికిరావన్న అభిప్రాయం దీనితో మారినది.

2018లో కానన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జెడ్6, జెడ్7 కెమెరాలతో తక్కిన రెండు పెద్ద సంస్థలు కూడా ఈ మార్గంలోనికి వచ్చాయి. 2020 తొలి నెలలలో ప్రకటించిన కానన్ 1డి ఎక్స్ మార్క్ 3, నికాన్ డి780, డి6ల తరువాత ఈ రెండు సంస్థలు కొత్త ఫుల్‌ఫ్రేమ్ డిఎస్ఎల్ఆర్ కెమెరాలను విడుదల చేయలేదు.

పనిచేయు విధానం

ఫేజ్ డిటెక్షన్

కటకపు కుడి అంచు నుండి వచ్చు కాంతిని, ఎడమ అంచు నుండి వచ్చు కాంతిని వేరు చేసి రెండు చిన్న బొమ్మలుగా ఏర్పరచినచో, ఫోకస్ సరిగా ఉన్నపుడు ఆ రెండు బొమ్మలు ఉండవలసిన ఎడంలోనే ఉంటాయి. ఫోకస్ ముందుకు లేదా వెనుకకు తప్పినచో అవి ఒకదానికొకటి దగ్గరగా లేదా దూరంగా జరుగుతాయి. ఈ జరుగుబాటును బట్టి కటకాన్ని ఏ దిశలో, ఎంత మేర కదపవలెనో కెమెరా ఒక్కసారిగా లెక్కించగలదు. వేగం ఈ పద్ధతికి గల ప్రధాన బలం.

డిఎస్ఎల్ఆర్ కెమెరాలలో ప్రధాన అద్దం మధ్యభాగం పాక్షికంగా పారదర్శకమై ఉంటుంది. దాని గుండా వెళ్ళిన కాంతిని వెనుకనున్న చిన్న అద్దం కెమెరా అడుగున గల ప్రత్యేక ఫోకస్ సెన్సారు వైపునకు మళ్ళిస్తుంది. ఈ సెన్సారులోని గీతలు ఒకే దిశలో ఉన్నచో, ఆ దిశకు అడ్డంగా ఉన్న వివరాలను మాత్రమే అది గుర్తించగలదు. నిలువు, అడ్డం గీతలు రెండింటినీ చూడగలిగిన బిందువులను క్రాస్ రకం బిందువులు అంటారు. కానన్ 5డి మార్క్ 2లో 9 బిందువులకు గాను మధ్యనున్న ఒక్కటి మాత్రమే క్రాస్ రకానికి చెందినది. ఆ కాలపు ఛాయాగ్రాహకులు మధ్య బిందువుతో ఫోకస్ చేసి, పిమ్మట కెమెరాను ప్రక్కకు జరిపి బొమ్మ తీసే అలవాటునకు ఇదియే మూలం. అయితే పెద్ద ఎపర్చరు వద్ద ఇట్లు కెమెరాను జరుపుట వలన ఫోకస్ తలం కూడా జరిగి కన్ను మసకబారే ప్రమాదం ఉన్నది.

కాంట్రాస్ట్ డిటెక్షన్

ఈ పద్ధతిలో బొమ్మను తీయు సెన్సారే ఫోకస్‌ను కూడా పరిశీలిస్తుంది. ఫోకస్ సరియైనపుడు వెలుగు నీడల మధ్య తేడా గరిష్ఠమవుతుంది. కెమెరా కటకాన్ని కొద్దికొద్దిగా కదుపుతూ, ఈ తేడా పెరిగి మరల తగ్గుట మొదలైన చోటి నుండి వెనుకకు వచ్చి గరిష్ఠ స్థానంలో నిలుస్తుంది. కొండ శిఖరాన్ని దాటినగాని అది శిఖరమని తెలియని బాటసారి వలె, కెమెరా సరియైన స్థానాన్ని దాటి వెనుదిరగవలసి ఉంటుంది. కనుక ఈ పద్ధతి ఖచ్చితమైనదే గాని నెమ్మదైనది. కదిలే వస్తువులకు అంతగా అనుకూలం కాదు.

సెన్సారుపై ఫేజ్ డిటెక్షన్

బొమ్మను తీయు సెన్సారుపైననే కొన్ని పిక్సెళ్ళను సగం కప్పి, ఒక ప్రక్క నుండి వచ్చు కాంతిని మాత్రమే అవి గ్రహించునట్లు చేసినచో ఫేజ్ తేడాను అక్కడనే కొలువవచ్చును. 2010లో ఫూజీఫిల్మ్ సంస్థ చిన్న కెమెరాలలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టినది. ప్రతి పిక్సెల్‌ను రెండు కాంతి గ్రాహక భాగాలుగా విభజించు డ్యూయల్ పిక్సెల్ పద్ధతిని కానన్ 2013లో 70డి కెమెరాలో, ఫుల్‌ఫ్రేమ్ తరగతిలో 2016 నాటి 5డి మార్క్ 4లో వినియోగించినది. ఇందులో ప్రతి పిక్సెల్ బొమ్మకు, ఫోకస్‌కు రెండింటికీ ఉపయోగపడుతుంది.

పనాసోనిక్ సంస్థ చాలాకాలం కాంట్రాస్ట్ పద్ధతినే మెరుగుపరచుకొంటూ వచ్చినది. 2023లో విడుదలైన ఎస్5 2 కెమెరాతో ఆ సంస్థ కూడా ఫేజ్ డిటెక్షన్‌ను స్వీకరించినది.

పనితీరును కొలిచే అంశాలు

ఆటోఫోకస్ "మంచిది" అనుటలో అనేక అర్థాలు కలిసి ఉన్నవి. ఒక కెమెరా ఒక అంశంలో ముందుండి మరొక అంశంలో వెనుకబడవచ్చును.

వేగం: షట్టరు మీటను సగం నొక్కిన క్షణం నుండి ఫోకస్ స్థిరపడుటకు పట్టు కాలం. ఇది కెమెరాతో పాటు కటకంపై కూడా ఆధారపడుతుంది. ఎఫ్/1.2 వంటి పెద్ద కటకాలలో బరువైన గాజు పలకలను కదపవలసి ఉన్నందున అవి సాధారణంగా నెమ్మదిగా ఉంటాయి.

ఖచ్చితత్వం: ఫోకస్ అసలు వస్తువుపైననే పడుట. డిఎస్ఎల్ఆర్‌లలో ఫోకస్ సెన్సారు, బొమ్మ సెన్సారు వేరువేరు చోట్ల ఉన్నందున, వాటి దూరాలలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ ఎల్లపుడూ ముందుకో, వెనుకకో పడుతుంది. దీనిని సరిదిద్దుటకు అనేక కెమెరాలలో సూక్ష్మ సర్దుబాటు సౌకర్యం ఇచ్చారు. అద్దం లేని కెమెరాలలో కొలత బొమ్మ సెన్సారుపైననే జరుగుతుంది గనుక ఈ దోషం చాలావరకు తొలగిపోయినది.

నిలకడ: ఒకే వస్తువును పదిమార్లు ఫోకస్ చేసినచో పదిమార్లు ఒకే ఫలితం వచ్చుట. సూక్ష్మ సర్దుబాటు స్థిరమైన దోషాన్ని మాత్రమే తొలగించగలదు. నిలకడ లేమిని సరిదిద్దలేదు.

విస్తీర్ణం: చిత్రచట్రంలో ఎంత భాగంలో ఫోకస్ బిందువులు ఉన్నాయన్నది. నికాన్ 2007లో చిన్న సెన్సారు గల డి300లో, ఫుల్‌ఫ్రేమ్ డి3లో దాదాపు ఒకే ఫోకస్ విభాగాన్ని అమర్చినది. డి300లో ఆ 51 బిందువులు చట్రం అంచుల దగ్గర వరకు పరచుకొన్నాయి. డి3లో అవే బిందువులు మధ్యభాగంలో గుమిగూడాయి. ఫుల్‌ఫ్రేమ్ డిఎస్ఎల్ఆర్‌లన్నింటికీ ఈ పరిమితి ఉన్నది. అద్దం లేని కెమెరాలు దీనిని తొలగించాయి.

తక్కువ వెలుతురు: దీనిని ఈవీ అను కొలమానంలో చెబుతారు. ఒక్కొక్క అంకె తగ్గినపుడు వెలుతురు సగమవుతుంది. 2012 నాటి కానన్ 6డి మధ్య బిందువు -3 ఈవీ వరకు, అనగా ఇంచుమించు నిండు వెన్నెల వెలుతురులో పనిచేస్తుందని తయారీదారు ప్రకటించారు. 2018 నాటి ఈఓఎస్ ఆర్‌కు ఎఫ్/1.2 కటకంతో -6 ఈవీ అని ప్రకటించారు. ఇటువంటి అంకెలను పోల్చునపుడు ఏ కటకంతో కొలిచారో తప్పక చూడవలెను. ఎఫ్/4 కటకంతో అదే కెమెరా అంత చీకటిలో పనిచేయదు.

కదిలే వస్తువులు

నిలిచి ఉన్న వస్తువులకు ఒకసారి ఫోకస్ చేసి ఆగిపోవు విధానం చాలును. కదిలే వస్తువులకు నిరంతర విధానం అవసరం. కానన్ దీనిని ఏఐ సర్వో అని, నికాన్, సోనీ ఏఎఫ్-సి అని పిలుస్తాయి.

నిరంతర విధానంలో కెమెరా ప్రస్తుత దూరాన్ని కొలిచినంత మాత్రాన సరిపోదు. షట్టరు తెరుచుకొను నాటికి వస్తువు ఎక్కడ ఉంటుందో ముందుగా ఊహించవలెను. గంటకు 36 కి.మీ. వేగంతో ఎదురుగా వచ్చు మోటారు సైకిలు సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. మీట నొక్కుటకు, షట్టరు తెరుచుకొనుటకు మధ్య 50 మిల్లీ సెకన్లు పట్టినదనుకొంటే, అంతలో ఆ బండి అర మీటరు ముందుకు వస్తుంది. 400 మి.మీ. ఎఫ్/2.8 కటకంతో 20 మీటర్ల దూరంలో స్పష్టతా లోతు మొత్తం సుమారు 40 సెం.మీ. మాత్రమే. అనగా ముందుచూపు లేని ఆటోఫోకస్‌తో ఆ బొమ్మ తప్పక మసకబారుతుంది. గత కొలతల ఆధారంగా వేగాన్ని లెక్కించి, రాబోవు స్థానానికి కటకాన్ని ముందే చేర్చుటను ప్రిడిక్టివ్ ఆటోఫోకస్ అంటారు. సెకనుకు ఎక్కువ మార్లు కొలవగలిగిన కెమెరా మరింత బాగా ఊహించగలదు. 2021 నాటి సోనీ ఏ1 సెకనుకు 120 మార్లు లెక్కిస్తుంది.

కంటిని, పక్షిని గుర్తించుట

ఫోకస్ ఎక్కడ చేయవలెనో ఎంచుకొనుట కూడా క్రమంగా కెమెరా పనియైనది. మొదట ముఖాలను, పిమ్మట కళ్ళను గుర్తించు సామర్థ్యం వచ్చినది. 2020లో వచ్చిన కానన్ ఆర్5, ఆర్6 కెమెరాలు కుక్కలను, పిల్లులను, పక్షులను గుర్తించగలవు. 2021లో వచ్చిన నికాన్ జెడ్9 మనుషులు, జంతువులు, పక్షులతో పాటు వాహనాలను కూడా గుర్తిస్తుంది. లక్షలాది బొమ్మలతో ముందుగా శిక్షణ ఇచ్చిన యంత్రాభ్యాస విధానాలు దీనికి ఆధారం. 2022 నాటి సోనీ ఏ7ఆర్ 5లో ఈ పనికై ప్రత్యేక ప్రాసెసర్‌ను అమర్చారు.

గుర్తింపు, ఫోకస్ రెండూ వేరువేరు పనులని గమనించవలెను. తెరపై కంటి చుట్టూ చతురస్రం కనబడినంత మాత్రాన ఫోకస్ ఆ కంటిపైననే ఖచ్చితంగా పడినదని అర్థం కాదు. కన్ను ఎక్కడ ఉన్నదో ఒక వ్యవస్థ చెబుతుంది. అక్కడ దూరం ఎంతో మరొక వ్యవస్థ కొలుస్తుంది. రెండవది పొరబడినచో చతురస్రం సరిగా ఉన్నా, కనురెప్ప వెంట్రుకలు స్పష్టంగా, కనుపాప మసకగా ఉండవచ్చును.

విఫలమగు సందర్భాలు

ఆటోఫోకస్ ఎంత అభివృద్ధి చెందినా భౌతిక నియమాలకు లోబడినదే. ఈ క్రింది సందర్భాలలో అది తడబడుతుంది.

* వివరాలు లేని తలం: సున్నం కొట్టిన గోడ, మబ్బు లేని ఆకాశం, పొగమంచు. పోల్చుటకు గీతలు లేనందున కెమెరా కటకాన్ని అటూ ఇటూ త్రిప్పుతూ ఉండిపోతుంది.
* ఒకే దిశలోని గీతలు: సముద్రంపై దిగంతరేఖ దీనికి మంచి ఉదాహరణ. సెన్సారుపై ఫేజ్ డిటెక్షన్ గల అనేక కెమెరాలు అడ్డగీతలను సరిగా చూడలేవు. కెమెరాను కొద్దిగా వంచి ఫోకస్ చేసి, మరల నిటారుగా పట్టుకొనుట సులభోపాయం. 2024 నాటి కానన్ ఆర్1లో సెన్సారుపైననే క్రాస్ రకం గుర్తింపును ఏర్పరచారు.
* మరల మరల వచ్చు అల్లిక: చేపల వల, కిటికీ ఊచలు, గళ్ళ చీర. రెండు బొమ్మలను పోల్చునపుడు ఒక గడికి బదులు ప్రక్క గడితో జత కుదిరి తప్పు దూరం రావచ్చును.
* ఎదురు వెలుగు: సూర్యుడు కటకంలోనికి నేరుగా పడినపుడు వెలుగు నీడల తేడా నశిస్తుంది.
* అడ్డుగా వచ్చు వస్తువులు: కొమ్మలు, జల్లు, ఎగిరే ధూళి.
* వేడి గాలి తరంగాలు: ఎండాకాలం మధ్యాహ్నం ఇసుకపై లేదా తారురోడ్డుపై దూరపు వస్తువులు వణుకుతూ కనబడతాయి. ఇందులో ఆటోఫోకస్ దోషం లేదు. గాలియే బొమ్మను చెదరగొడుతున్నది. ప్రాతఃకాలంలో లేదా దగ్గరకు వెళ్ళి తీయుటయే మార్గం.
* సాధారణ పోలరైజరు: డిఎస్ఎల్ఆర్‌లలోని పాక్షిక పారదర్శక అద్దంతో ఇది పొసగదు. సర్క్యులర్ రకం పోలరైజరును వాడవలెను.

తెలుగునాట వినియోగం

సముద్రతీరం

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట వంటి మత్స్యకార గ్రామాల తీరం పైన పేర్కొన్న కష్టాలన్నింటికీ ఒకే చోట ఉదాహరణగా నిలుస్తుంది. బంగాళాఖాతం తూర్పున ఉన్నందున ఉదయం పడవలు నీటిలోనికి దిగు వేళ సూర్యుడు సరిగా ఎదురుగా ఉంటాడు. పడవ, దానిపైనున్న మనుషులు నల్లని నీడలుగా మారతారు. ముఖం గుర్తింపు ఇటువంటి నీడలలో తరచు విఫలమవుతుంది. ఇటువంటపుడు పడవ అంచున, వెలుగు నీడలు కలియు చోట, ఒక్క చిన్న బిందువును ఛాయాగ్రాహకుడే ఎంచుకొనుట మేలు.

అలల మీదుగా పడవ లేచిపడునపుడు నడుమ నురుగు గోడవలె లేస్తుంది. ఆ క్షణంలో ఫోకస్ నురుగుపైకి దూకకుండా ఉండుటకు, కొత్త వస్తువు అడ్డు వచ్చినను కొంతసేపు పాత దూరానికే కట్టుబడి ఉండునట్లు కెమెరాలో అమరిక ఉంటుంది. దీనిని ఎక్కువగా ఉంచినచో నురుగును పట్టించుకోదు; గాని ఒక పడవ నుండి మరొక పడవకు మారుట ఆలస్యమవుతుంది. ఒడ్డున వల సరిచేసుకొను మనిషిని చిత్రించునపుడు ఫోకస్ ముఖంపై గాక వలపై పడు అవకాశం ఎక్కువ. ఉప్పు గాలి కటకానికి, కెమెరాకు మధ్యనున్న లోహపు స్పర్శలపై పేరుకొన్నచో వాటి మధ్య సంకేతాలు తెగి ఆటోఫోకస్ ఆగిపోవచ్చును. తీరం నుండి వచ్చిన వెంటనే పొడి మెత్తని గుడ్డతో వాటిని తుడుచుట మంచి అలవాటు.

పక్షుల ఛాయాగ్రహణం

అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ, శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తిరుపతి జిల్లాలోని నేలపట్టు, అలాగే కొల్లేరు సరస్సు పక్షుల ఛాయాగ్రాహకులను ఆకర్షించు ప్రదేశాలు. తేలినీలాపురం, నేలపట్టులలో గూడబాతులు చెట్లపై గుంపులుగా గూళ్ళు కడతాయి. కొమ్మల నడుమ కూర్చున్న పక్షికి చిన్న బిందువు, ఆకాశంలో ఎగిరే పక్షికి విశాలమైన ప్రాంతం ఎంచుకొనుట పద్ధతి. పక్షి కంటిని గుర్తించు కెమెరాలు ఈ పనిని తేలిక చేశాయి. అయినను నీటిపై పక్షి ప్రతిబింబం స్పష్టంగా ఉన్నపుడు, లేదా గుంపులో పక్షులు ఒకదానినొకటి దాటునపుడు కెమెరా ఒకదానికి బదులు మరొకదానిని అనుసరించవచ్చును. పడవలో నుండి తీయునపుడు పక్షి కదలకున్నను పడవ కదులుతుంది గనుక నిరంతర విధానమే వాడవలెను.

వివాహ ఛాయాగ్రహణం

తెలుగు వివాహాలలో జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు అతి తక్కువ సమయంలో జరిగిపోవు ఘట్టాలు. సుముహూర్తాలు అర్ధరాత్రి గాని, తెల్లవారుజామున గాని వచ్చుట సాధారణం కనుక దీపాల వెలుతురు పైననే ఆధారపడవలసి ఉంటుంది. మంగళసూత్రధారణ వేళ చుట్టూ ఉన్నవారు వేయు అక్షతలు, తలంబ్రాల వేళ దోసిళ్ళ నుండి జారు బియ్యం కెమెరాకు, ముఖాలకు నడుమ తెరవలె అడ్డు వస్తాయి. కంటిని గుర్తించు పద్ధతి ఆ క్షణంలో గింజలపైకి జారవచ్చును. వరుడు వంగి ముడి వేయునపుడు పూలదండలు, బాసికం ముఖాన్ని పాక్షికంగా కప్పుతాయి. అనుభవం గలవారు ఘట్టానికి ముందే ఫోకస్ కుదుర్చుకొని, ఎపర్చరును ఎఫ్/4 లేదా ఎఫ్/5.6 వరకు తగ్గించి, ఆటోఫోకస్‌ను వెనుకనున్న ప్రత్యేక మీటకు అప్పగించి, ఆ మీటపై నుండి వేలు తీసివేస్తారు. అప్పుడు షట్టరు నొక్కినను ఫోకస్ కదలదు. వధూవరులిద్దరూ ఒకే బొమ్మలో స్పష్టంగా ఉండవలెనన్నచో ఎఫ్/1.4 పనికిరాదు, ఒకరు స్పష్టంగా, ఒకరు మసకగా వస్తారు.

చలనచిత్రాలు

2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2 ఫుల్‌ఫ్రేమ్ సెన్సారుతో హై డెఫినిషన్ వీడియోను తీయగలిగినందున తక్కువ ఖర్చుతో సినిమాలు తీయదలచినవారిని ఆకర్షించినది. రామ్ గోపాల్ వర్మ దర్శకత్వంలో రవితేజ, ఛార్మి నటించిన తెలుగు చిత్రం దొంగల ముఠా 2011లో విడుదలైనది. కానన్ 5డి శ్రేణి కెమెరాలతో, చిన్న బృందంతో, అయిదు రోజులలో ఈ చిత్రాన్ని తీశారు.

ఆ తరం కెమెరాలలో వీడియో నడుచునపుడు నిరంతర ఆటోఫోకస్ లేదు. సాంప్రదాయిక చిత్రీకరణలో ఫోకస్ పుల్లర్ అను సాంకేతికుడు నటుల దూరాన్ని టేపుతో కొలిచి గుర్తులు పెట్టుకొని కటకాన్ని చేతితో త్రిప్పుతాడు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు సాధారణ 35 మి.మీ. సినిమా చట్రం కంటె పెద్దది గనుక స్పష్టతా లోతు ఇంకా తగ్గి ఈ పని మరింత కష్టమైనది. డ్యూయల్ పిక్సెల్ వంటి పద్ధతులు వచ్చిన తరువాత డాక్యుమెంటరీలు, పెళ్ళి వీడియోలు, ఒంటరిగా పనిచేయువారి చిత్రాలలో ఆటోఫోకస్ నమ్మదగినదైనది. కథాచిత్రాలలో మాత్రం ఏ పాత్రపై చూపు నిలువవలెనన్నది కథను బట్టి నిర్ణయించవలసినది గనుక ఫోకస్ పుల్లర్ అవసరం తీరిపోలేదు.

ఇంటివద్ద పరీక్షించుట

ప్రత్యేక పరికరాలు లేకుండా విద్యార్థులు కూడా ఆటోఫోకస్ ఖచ్చితత్వాన్ని, నిలకడను పరీక్షింపవచ్చును.

1. పగటి వెలుతురులో ఒక వార్తాపత్రికను బల్లపై పరచి, మధ్యలోని ఒక పంక్తి వద్ద నిటారుగా ఒక అట్టపెట్టెను నిలుపవలెను. అట్టపెట్టె ముందు తలం ఆ పంక్తితో సరిగా కలిసి ఉండవలెను.
2. కెమెరాను స్టాండుపై, పత్రికకు సుమారు 45 డిగ్రీల వాలులో, కటక నాభ్యంతరానికి 25 నుండి 50 రెట్ల దూరంలో ఉంచవలెను. 50 మి.మీ. కటకమైనచో ఇది 1.25 నుండి 2.5 మీటర్లు.
3. ఎపర్చరును పూర్తిగా తెరచి, మధ్య బిందువుతో అట్టపెట్టెపై అచ్చులున్న భాగాన్ని ఫోకస్ చేసి బొమ్మ తీయవలెను.
4. ప్రతిసారి కటకాన్ని చేతితో పూర్తిగా తప్పించి, మరల ఫోకస్ చేయిస్తూ పది బొమ్మలు తీయవలెను.
5. పత్రికపై ఏ పంక్తి అత్యంత స్పష్టంగా ఉన్నదో పది బొమ్మలలోనూ చూడవలెను.

పదింటిలోనూ ఒకే పంక్తి స్పష్టంగా ఉండి, అది అట్టపెట్టెకు ముందో వెనుకో ఉన్నచో సూక్ష్మ సర్దుబాటుతో సరిచేయవచ్చును. పంక్తి ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట ఉన్నచో అది నిలకడ లేమి. ఒక్క బొమ్మను చూచి కెమెరాపై గాని కటకంపై గాని నిర్ణయానికి రాకూడదు.

పరిమితులు

ఫోకస్ బిందువుల సంఖ్యను ప్రకటనలలో ప్రధానంగా చూపుట పరిపాటి. అయితే సంఖ్య ఒక్కటే పనితీరును తెలుపదు. ఆ బిందువుల రకం, విస్తీర్ణం, లెక్కింపు వేగం, కటకపు మోటారు కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. పాత కటకాన్ని అడాప్టరు ద్వారా కొత్త కెమెరాకు తగిలించినపుడు వేగం తగ్గవచ్చును. కొన్ని కెమెరాలు చిన్న ఎపర్చరు వద్ద ఉంచినపుడు కటకాన్ని తెరవకుండానే ఫోకస్ చేస్తాయి. తక్కువ వెలుతురులో ఇందువలన అవి నెమ్మదిస్తాయి.

పాత డిఎస్ఎల్ఆర్ కెమెరాలు నేటికీ ఎందరో గ్రామీణ ఛాయాగ్రాహకుల జీవనాధారమై ఉన్నవి. మధ్య బిందువును నమ్ముకొనుట, ఎపర్చరును కొంత తగ్గించుట, ఘట్టాన్ని ముందుగా ఊహించి నిలబడుట అను మూడు అలవాట్లతో 9 బిందువుల కెమెరా నుండి కూడా మంచి ఫలితం రాబట్టవచ్చును. కెమెరా ఎంత త్వరగా ఫోకస్ చేసినను, దేనిపై ఫోకస్ చేయవలెనన్న నిర్ణయం ఛాయాగ్రాహకునిదే.

ఇవి కూడా చూడండి

* ఛాయాగ్రహణం
* కటకం
* నాభ్యంతరం
* ఎపర్చరు
* డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరా
* కొండకర్ల ఆవ
* దొంగల ముఠా